మెదడుకు రక్తం చాలడం లేదా? తలకు పెద్ద గాయమైనవారి కుటుంబాల ప్రశ్నలు, వైద్యుల జవాబులు

బైకు ప్రమాదంలో తలకు గట్టి దెబ్బ తగిలి ఐసీయూలో ఉన్నవారి, ఇంటికి చేరినవారి బంధువులు రాసిన ఉత్తరాలకు ఈసారి జవాబులు. ఎక్కువ ఉత్తరాల్లో ఒకే మాట కనిపించింది: "మెదడుకు రక్తం సరిగ్గా అందడం లేదట". ఆ మాట ఏ దశలో ప్రాణం మీదికి వచ్చే నిజమో, ఏ దశలో అనవసరపు ఖర్చుకు దారితీస్తుందో విడదీసి చెబుతున్నాం. ఇక్కడ రాసిన మందుల పేర్లు మీ డాక్టరుతో మాట్లాడడానికి మాత్రమే, సొంతంగా కొని వాడడానికి కాదు.

ప్రశ్న: మావారికి 38 ఏళ్లు. ఐదు నెలల కింద బైకు మీంచి పడ్డారు. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి కోమా స్కోరు 15కి 6 అన్నారు. మూడు వారాలు ఐసీయూలో ఉన్నారు. ఇప్పుడు నడుస్తున్నారు, తింటున్నారు. కానీ పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి మర్చిపోతారు. తనంతట తాను ఏ పనీ మొదలుపెట్టరు. ఒక సెంటర్‌లో స్పెక్ట్ స్కాన్ తీసి, నుదుటి వైపు నీలం రంగు చూపించి, "ఇక్కడికి రక్తం పోవడం లేదు, 40 సార్లు ఆక్సిజన్ చాంబర్‌లో కూర్చోబెట్టాలి, ఇంజెక్షన్లు వేయాలి" అన్నారు. బంగారం తాకట్టు పెట్టమంటారా? — ఒక పాఠకురాలు, తెనాలి

తాకట్టు పెట్టకండమ్మా. ఖర్చు దేనికి పెడితే ఉపయోగమో కింద చెబుతాం. ముందు ఆ నీలం రంగు సంగతి.

స్పెక్ట్ స్కాన్‌కు టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన మందును నరంలోకి ఎక్కిస్తారు. అది ఒకటి రెండు నిమిషాల్లో రక్తంతోపాటు మెదడుకు చేరి అక్కడే నిలిచిపోతుంది. అంటే ఆ బొమ్మ చూపేది ఆ కాసేపట్లో ఏ భాగానికి ఎంత రక్తం వెళ్లిందో, అంతే. మనిషి మగతగా ఉన్నా, మత్తు బిళ్ల వేసుకుని ఉన్నా బొమ్మ మారుతుంది. రంగులు కంప్యూటర్ వేసేవి. నీలం అంటే చచ్చిపోయిన భాగం అని అర్థం కాదు.

అసలు అడగాల్సింది ఇది: రక్తం తగ్గడం వల్ల ఆ భాగం పని మానేసిందా, పని తగ్గడం వల్ల రక్తం తగ్గిందా? మెదడులో ఏ భాగం పనిలో పడితే అక్కడి సన్న రక్తనాళాలు కొద్ది సెకన్లలోనే విచ్చుకుని రక్తం తెచ్చుకుంటాయి. పని లేని చోటికి రక్తం తగ్గుతుంది, పంట వేయని మడికి కాలువ నీళ్లు తక్కువ మళ్లించినట్టు. వేగంగా పోతున్న బండి మీంచి పడినప్పుడు మెదడు పుర్రె లోపల ఒక్కసారిగా మెలితిరుగుతుంది. నుదుటి భాగాన్ని లోతట్టు భాగాలతో కలిపే తంతువులు సాగి, తెగిపోతాయి. మామూలు సీటీలో ఇవి చాలామటుకు కనపడవు. తంతువులు తెగాక నుదుటి భాగానికి అందాల్సిన సంకేతాలు అందవు, దాని పని మందగిస్తుంది, అది అడిగే రక్తమూ తగ్గుతుంది. గాయమై ఐదు నెలలైన మీవారిలాంటివారిలో నీలం రంగుకు చాలాసార్లు కారణం ఇదే. ఇలాంటప్పుడు రక్తనాళం ఎక్కడా మూసుకుపోయి ఉండదు. అందుకే రక్తాన్ని "పెంచే" మందు వేసినా మతిమరుపు అలాగే ఉంటుంది.

సిటికోలిన్ అనే మందును మన దగ్గర విరివిగా రాస్తారు. అమెరికాలో 1,213 మంది గాయపడినవారికి రోజుకు 2,000 మిల్లీగ్రాముల చొప్పున 90 రోజులు సిటికోలిన్‌గానీ ఉత్తుత్తి మందుగానీ ఇచ్చి పోల్చారు. 2012లో వచ్చిన ఫలితం: జ్ఞాపకశక్తిలోగానీ, రోజువారీ పనుల్లోగానీ రెండు గుంపుల మధ్య తేడా లేదు. ఆక్సిజన్ చాంబర్‌ను అమెరికా సైన్యం తల అదురు తగిలిన సైనికుల మీద పరీక్షించింది. అసలు చికిత్స పొందినవారు, ఉత్తుత్తి చికిత్స పొందినవారు ఒకేలా మెరుగయ్యారు. అవి చిన్న గాయాల మీద చేసిన పరీక్షలు, నిజమే. కానీ పెద్ద గాయమై నెలలు గడిచినవారికి అది పనిచేస్తుందని గట్టిగా రుజువు చేసినవారూ లేరు. చెవిపోటు, అప్పుడప్పుడు ఫిట్స్ మాత్రం దాని వల్ల రావచ్చు.

రక్తప్రసరణ నిజంగానే తగ్గే సందర్భాలు కొన్ని ఉన్నాయి. వాటిని వెతకాలి, వీటిలో చాలావరకు ఖరీదైన పరీక్షలు కావు. ఒకటి, హిమోగ్లోబిన్. ఐసీయూ నుంచి వచ్చినవారిలో రక్తహీనత మామూలే. రెండు, బీపీ మాత్రలు ఎక్కువవడం. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడిన మూడు నిమిషాల్లోపు మరోసారి బీపీ చూడండి. పై అంకె 20 లేదా అంతకన్నా ఎక్కువ పడిపోతే డాక్టరుకు చెప్పండి. మూడు, ప్రమాదంలో మెడకు కూడా దెబ్బ తగిలి, మెడలోని రక్తనాళం లోపలి పొర చీలడం. మెడ నొప్పి, ఒక కనురెప్ప వాలడం, మధ్యమధ్యలో చేయి పట్టు తప్పడం ఉంటే రక్తనాళాలను చూపే సీటీ యాంజియోగ్రామ్ అడగండి. నాలుగు, పుర్రె ఎముక తీసి ఉండడం. అయిదు, మెదడులో నీరు పట్టడం. చివరి రెండింటి గురించి కింద వేరే ఉత్తరాలకు రాశాం.

ఇక ఖర్చు. న్యూరోసైకాలజిస్టు దగ్గర ఒకసారి పూర్తి పరీక్ష చేయించండి. ఏకాగ్రత, ఆలోచన వేగం, కొత్తది గుర్తుంచుకోవడం, పని మొదలుపెట్టడం... వీటిలో ఏది ఎంత దెబ్బతిందో విడివిడిగా తెలుస్తుంది. పైకి "మతిమరుపు"గా కనిపించేది లోపల ఏకాగ్రత లోపం కావచ్చు, అప్పుడు సాధన వేరు. ఆ తర్వాత, రోజువారీ పనులు మళ్లీ నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు. ఆలోచన బాగా నెమ్మదించినవారికి మిథైల్‌ఫెనిడేట్ అనే మందు వేగాన్ని కొంత పెంచుతుందని రుజువుంది. గుండె, బీపీ, ఫిట్స్ చూసుకుని న్యూరాలజిస్టు లేదా సైకియాట్రిస్టు నిర్ణయిస్తారు.

ప్రశ్న: తమ్ముడు ఐసీయూలో ఉన్నాడు, రెండో రోజు. తలలో ప్రెషర్ పెరిగిందంటూనే బీపీ పెంచే మందు ఎక్కిస్తున్నారు. బీపీ పెరిగితే మెదడులో రక్తం కారదా? పైగా మత్తు ఇచ్చి లేపడం లేదు. — ఒక పాఠకుడు, కరీంనగర్

మీ భయం అర్థమవుతోంది. కానీ మెదడుకు రక్తం చాలకపోవడం ప్రాణాంతకమయ్యేది సరిగ్గా ఈ రోజుల్లోనే.

పెద్దవాళ్ల మెదడు సుమారు 1,400 గ్రాములు. నిమిషానికి దాదాపు 700 మిల్లీలీటర్ల రక్తం కావాలి, అంటే 100 గ్రాములకు 50. అది 20 కన్నా తగ్గితే కణాలు పని ఆపేస్తాయి, 10 కన్నా తగ్గి అలాగే ఉంటే చనిపోతాయి. తీవ్రమైన గాయమైన మొదటి 6 గంటల్లో రక్తప్రసరణ సగటున సగానికి పడిపోతుందని 1991లో వర్జీనియా వైద్యులు కొలిచి చూపించారు. ఆరోగ్యవంతుడి మెదడు బీపీ కొంచెం తగ్గినా నాళాలను విప్పుకుని సర్దుకుంటుంది. దెబ్బ తిన్న మెదడుకు ఆ శక్తి పోతుంది, బీపీ పడితే దానితోపాటే రక్తమూ పడుతుంది.

డాక్టర్లు వేసే లెక్క ఇది: సగటు బీపీలోంచి తల లోపలి ఒత్తిడిని తీసేస్తే మెదడుకు రక్తాన్ని నెట్టే ఒత్తిడి వస్తుంది. సగటు బీపీ 90, తలలో ఒత్తిడి 25 అనుకోండి. మిగిలింది 65. అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పే 60 నుంచి 70 మధ్యలోనే ఉంది. బీపీ 70కి పడితే మిగిలేది 45, అది ప్రమాదం. అందుకే ఒకపక్క బీపీ నిలబెడుతూ, ఇంకోపక్క తలలో ఒత్తిడి 22 దాటితే దాన్ని దించే ప్రయత్నం చేస్తారు. 15 నుంచి 49 ఏళ్లవారికి పై బీపీ 110కి తగ్గకూడదని చూస్తారు. మత్తు ఇచ్చేది మెదడు అవసరాన్ని తగ్గించడానికి. దగ్గు, వెంటిలేటర్‌తో పెనుగులాట తలలో ఒత్తిడిని పెంచుతాయి. జ్వరం ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే మెదడు ఆక్సిజన్ వాడకం 10 శాతం దాకా పెరగవచ్చు. అందుకే జ్వరాన్ని వెంటనే తగ్గిస్తారు.

వెంటిలేటర్ మీద ఊపిరి వేగం పెంచితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, తలలో ఒత్తిడి వెంటనే దిగుతుంది. ఒకప్పుడు అందరికీ అలా చేసేవారు. కానీ ఒత్తిడి దిగేది నాళాలు ముడుచుకోవడం వల్ల. కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడి (బీపీలాగే పాదరసం మిల్లీమీటర్లలో కొలుస్తారు) ఒక మిల్లీమీటరు తగ్గితే మెదడుకు రక్తం సుమారు 3 శాతం తగ్గుతుంది. కాబట్టి ఇప్పుడు దాన్ని అత్యవసరంలో కాసేపటికే పరిమితం చేశారు. "స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఎందుకు వేయడం లేదు" అని కూడా అడగకండి. 10,008 మంది మీద జరిగిన పరీక్ష 2004లో స్టెరాయిడ్ వల్ల మరణాలు పెరిగాయని తేల్చింది.

మీరు చూడగలిగినవి రెండున్నాయి. మంచం తలవైపు 30 డిగ్రీలు లేచి ఉండాలి. మెడ నిటారుగా ఉండాలి, ఒక పక్కకు వాలకూడదు. కాలర్‌గానీ గొంతు గొట్టం కట్టుగానీ మెడలోని రక్తనాళాన్ని నొక్కితే తలలోంచి రక్తం దిగడం ఆగి ఒత్తిడి పెరుగుతుంది. అలా కనిపిస్తే మీరు సర్దకండి, నర్సుకు చెప్పండి.

ప్రశ్న: శీర్షాసనం వేయిస్తే మెదడుకు రక్తం పెరుగుతుందని ఒకరు చెప్పారు. మా అబ్బాయికి గాయమై నాలుగు నెలలు. — ఒక పాఠకురాలు, అనంతపురం

వద్దు. తలకిందులైతే తలలో ఒత్తిడి పెరుగుతుంది, రక్తం బయటికి దిగడం కష్టమవుతుంది. పడితే ఇంకో దెబ్బ. రోజూ నడిపించండి. 5 నుంచి 10 నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి కొంచెం పెంచుతూ, వారంలో 5 రోజులు, రోజుకు 30 నిమిషాల దాకా. నడుస్తూ మాట్లాడగలిగే వేగం చాలు.

ప్రశ్న: అన్నయ్యకు పుర్రె ఎముక తీసి కడుపు చర్మం కింద దాచారు. రెండు నెలలైంది. మొదట తల ఆ పక్క ఉబ్బి ఉండేది, ఇప్పుడు గుంట పడింది. పడుకున్నప్పుడు చురుగ్గా మాట్లాడతాడు, కూర్చోబెడితే తలనొప్పి, మగత. ఎడమ చేయి కూడా బలం తగ్గింది. — ఒక పాఠకుడు, శ్రీకాకుళం

మా జవాబు అందేదాకా ఆగి ఉంటే ఇక ఆగకండి, ఈ వారంలోనే న్యూరోసర్జన్‌ను కలవండి. మీరు రాసిన లక్షణాలకు వైద్యంలో స్పష్టమైన వివరణ ఉంది. ఎముక లేని చోట బయటి గాలి ఒత్తిడి నేరుగా చర్మం మీద, దాని కింది మెదడు మీద పడుతుంది. కూర్చున్నప్పుడు తలలోని ద్రవం వెన్ను వైపు దిగి గుంట ఇంకా లోతవుతుంది, ఆ భాగానికి రక్తం తగ్గుతుంది. పడుకుంటే బాగుండి, లేస్తే దిగజారడం దీనికి గుర్తు. రక్తప్రసరణ తగ్గడం వల్లే బుర్ర మందగించి, దాన్ని సరిచేస్తే తేరుకునే సందర్భం ఇది. ఎముక తిరిగి పెట్టాక ఆ వైపు రక్తప్రసరణ పెరగడం, దాన్ని కొలిచే సీటీ పర్‌ఫ్యూజన్ పరీక్షల్లో కనిపించింది. మాట, నడక, చేయి బలం కొద్ది రోజుల్లోనే మెరుగైనవారున్నారు.

మెదడు వాపు పూర్తిగా దిగి, చర్మం బాగా మానిపోయి, ఎక్కడా చీము లేకపోతే ఎముక పెట్టొచ్చు. చాలాచోట్ల 3 నెలల వరకు ఆగుతారు, మీ అన్నయ్యలాంటి లక్షణాలుంటే ముందే చేస్తారు. కడుపులో దాచిన ఎముక కొంత కరిగిపోయి సరిగ్గా అమరకపోవచ్చు. అప్పుడు టైటానియం పలకో, ఎముక సిమెంటో వాడతారు. మెదడులో నీరు కూడా పట్టి ఉంటే ముందు షంటా (ఎక్కువైన ద్రవాన్ని బయటికి మళ్లించే సన్న గొట్టం), ముందు ఎముకా అన్నది సర్జన్ తేల్చాలి. షంట్ ఎక్కువ ద్రవాన్ని లాగేస్తే గుంట ఇంకా లోతవుతుంది.

అప్పటిదాకా ఆ పక్కకు తిప్పి పడుకోబెట్టకండి. మంచం దిగే ప్రతిసారీ హెల్మెట్ పెట్టండి. ఒంట్లో నీరు తగ్గకుండా చూడండి.

ప్రశ్న: చెల్లెలి జ్ఞాపకశక్తికి ఇంట్లో ఏం చేయించాలి? ఫోన్లో మెమరీ గేములు ఆడిస్తున్నాం. గేములో స్కోరు పెరుగుతోంది, గ్యాస్ కట్టేయడం మాత్రం మర్చిపోతోంది. — ఒక పాఠకురాలు, హోసూరు

మీరే జవాబు కనిపెట్టారు. గేము ఆడితే గేమే మెరుగవుతుంది. అందుకే ఏ పని కావాలో ఆ పనే, అది జరిగే చోటే సాధన చేయించాలి.

ఒకే నోట్‌బుక్ పెట్టండి. రంగు కొట్టొచ్చినట్టుండాలి, ఎప్పుడూ ఒకేచోట ఉండాలి. మొదటి పేజీలో తన పేరు, ఏం జరిగిందో నాలుగు వాక్యాలు ("మార్చిలో బండి మీంచి పడ్డాను, తలకు దెబ్బ, ఇప్పుడు అమ్మావాళ్లింట్లో ఉన్నాను"). తర్వాత ఒక రోజుకు ఒక పేజీ: గంట, చేయాల్సిన పని, అయ్యాక టిక్కు. మందులకు ఒక పేజీ, ఇంటికి వచ్చేవాళ్ల ఫొటోలకు, పేర్లకు ఒకటి. ఫోన్ అలారం మోగగానే నోట్‌బుక్ తెరవాలి, అదొక్కటే మొదటి రెండు వారాల లక్ష్యం. చాలా ఇళ్లలో పుస్తకం కొంటారుగానీ తెరవడం నేర్పరు, నెలకల్లా అది అటక ఎక్కుతుంది.

కొత్తది నేర్పేటప్పుడు "ఎవరో చెప్పు చూద్దాం, గుర్తు తెచ్చుకో" అని పరీక్ష పెట్టకండి. జ్ఞాపకం బాగా దెబ్బతిన్నవారు తప్పు జవాబు చెబితే ఆ తప్పే మనసులో నాటుకుంటుంది. ముందు జవాబు మీరే చెప్పండి, వెంటనే తనతో చెప్పించండి. 30 సెకన్లు ఆగి అడగండి. చెబితే 1 నిమిషం, తర్వాత 2, 4, 8 నిమిషాలు. తప్పితే వెంటనే సరైనది చెప్పి, ఆఖరిసారి సరిగ్గా చెప్పిన వ్యవధికి వెనక్కి వెళ్లండి. గ్యాస్ విషయమైతే మాట కాదు, చేత: "కూర దించాను, నాబ్ తిప్పాను, సిలిండర్ వాల్వు కట్టాను" అని పైకి అంటూ చేయించండి. రోజుకు రెండుసార్లు, 15 నుంచి 20 నిమిషాలు. పొద్దున ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు మొదటిది. టీవీ ఆపేయాలి, ఒక్కరే మాట్లాడాలి. అలసట మొహంలో కనిపించకముందే ఆపాలి. గాయపడ్డ మెదడు అలసటను పక్కవాళ్లు బద్ధకం అనుకుని తిట్టడం మాకు చాలా బాధ కలిగించే విషయం.

పని మొదలుపెట్టలేనివారికి, తొందరపడేవారికి నాలుగు అడుగులు రాసి గోడకు అంటించండి: ఏం చేయాలి, ఎలా చేయాలి, చేయి, సరిపోయిందా చూడు. ఇది పెద్ద గాయాల తర్వాత పనిచేస్తుందని గట్టి రుజువున్న పద్ధతి.

నిద్రను వదిలేయకండి. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతుంటే నిద్ర పరీక్ష చేయించాలి. రాత్రంతా ఆక్సిజన్ పడిపోతుంటే పగటి సాధన నిలవదు. నిద్ర కోసం అల్ప్రజోలం, డయాజెపాం లాంటివి జ్ఞాపకాన్ని ఇంకా దెబ్బతీస్తాయి. ఫిట్స్ రాకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చే మందు ఎప్పుడూ ఫిట్స్ రానివారికి సాధారణంగా 7 రోజులే అవసరం. నెలల తరబడి ఫెనిటాయిన్ వేసుకుంటూ మందకొడిగా ఉంటే, ఇంకా అవసరమా అని న్యూరాలజిస్టును అడగండి. మీ అంతట మీరు ఆపకండి.

ప్రశ్న: నాన్నగారు మూడు నెలలు బాగా కోలుకున్నారు. ఇప్పుడు మళ్లీ వెనక్కి వెళ్తున్నారు. కాళ్లు నేలకు అతుక్కున్నట్టు నడుస్తారు, పక్క తడుపుతున్నారు, మాట తగ్గింది. దిగులు పెట్టుకున్నారని బంధువులంటున్నారు. — ఒక పాఠకుడు, ఖమ్మం

దిగులు అనుకుని ఊరుకోవద్దు. కోలుకుంటున్న మనిషి వెనక్కి జారితే ముందు సీటీ తీయించాలి. నడక, మూత్రం, ఆలోచన మూడూ కలిసి చెడితే మెదడు గదుల్లో ద్రవం పేరుకోవడం, అంటే పైన చెప్పిన నీరు పట్టడం, మొదటి అనుమానం. షంట్ వేస్తే చాలామంది మెరుగవుతారు, అందులోనూ సాధారణంగా నడక ముందు తేరుకుంటుంది. రెండోది, పుర్రె కింద పాత రక్తం నెమ్మదిగా చేరడం. పెద్దవయసులో, రక్తం పలుచన చేసే మందులు వాడేవారిలో ఎక్కువ. సీటీ బాగుంటే రక్తంలో సోడియం చూడండి, కొత్తగా ఏ మందు మొదలైందో చూడండి, ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) తీయించండి. పైకి కనపడని ఫిట్స్ కూడా మనిషిని ఇలాగే మొద్దుబారుస్తాయి. ఉదయం 8 గంటల ప్రాంతంలో కార్టిసాల్, ఫ్రీ టీ4, మగవారికి టెస్టోస్టిరాన్ అనే హార్మోన్ల పరీక్షలు కూడా రాయమనండి. గాయంలో, ఈ హార్మోన్లను అదుపు చేసే పిట్యూటరీ గ్రంథి దెబ్బతినడం అరుదు కాదు, చాలాసార్లు దాన్ని ఎవరూ వెతకరు.

ఒక్కసారిగా వాంతులు, లేపినా లేవకపోవడం ఉంటే సీటీ అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: ఆరు నెలల్లో రావాల్సిందంతా వస్తుంది, ఆ తర్వాత రాదు అంటున్నారు. నిజమేనా? మా బాబాయి మళ్లీ బండి నడపొచ్చా? — ఒక పాఠకుడు, నెల్లూరు

మొదటి ఆరు నెలల్లో వేగం ఎక్కువ. అంతమాత్రాన తర్వాత తలుపు మూసుకోదు. రెండేళ్ల దాకా, కొందరిలో అంతకు మించి మెరుగు కనిపిస్తూనే ఉంటుంది. 2021లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో రెండో వారానికి కూడా స్పృహ రానివారిలో, బతికి బయటపడ్డవారి లెక్కన, ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురు ఏడాదిలోపు స్పృహలోకి వచ్చారు. అయితే స్పృహ రావడం, పూర్తిగా మామూలు కావడం ఒకటి కాదు. తేదీ, చోటు, మనుషులు తెలిసేదాకా కోలుకున్నవారు నలుగురిలో ఒకరే.

బండి విషయంలో మేం కఠినంగానే చెబుతాం. ఫిట్స్ వచ్చి ఉంటే న్యూరాలజిస్టు రాతపూర్వకంగా ఒప్పుకునేదాకా తాళం ఇవ్వొద్దు. ఫిట్స్ రాకపోయినా చూపు పక్కలకు ఎంత కనిపిస్తోందో, స్పందన వేగం ఎంతో పరీక్షించాలి. ఒక పక్క చూపు పోయిన సంగతి చాలామందికి తమకే తెలియదు. మద్యం పూర్తిగా మానాలి, గాయం తర్వాత మునుపటి కన్నా తక్కువకే మత్తెక్కుతుంది, ఫిట్స్ వచ్చే అవకాశమూ పెరుగుతుంది. పరీక్షలన్నీ బాగుంటే ముందు ఖాళీ మైదానంలో, పగటిపూట, వెనక ఒకరు కూర్చుని 15 నిమిషాలు. అలసట లేకుండా అది వారం రోజులు సాగాక ఊళ్లో రద్దీ లేని వీధి. హైవే, రాత్రి ప్రయాణం అన్నిటికన్నా ఆఖరున.